వెన్నుపాము దెబ్బ తర్వాత ఏళ్ల తరబడి ఉండే నరాల సమస్యలు: ఇంట్లో ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఇంటికొచ్చిన కొత్తలో అందరి దృష్టీ కాళ్ల మీదే ఉంటుంది. ఎప్పుడు నిలబడతాడు, ఎప్పుడు నడుస్తాడు అని. ఏడాది, రెండేళ్లు గడిచాక ఇబ్బంది పెట్టేవి వేరే ఉంటాయి: ఉన్నట్టుండి ఎగబాకే బీపీ, తగ్గని మంటలు, కాళ్లు బిగుసుకోవడం, మూత్రం, మలం. ఇవన్నీ నరాల వ్యవస్థ దెబ్బతినడం వల్ల వచ్చేవే. వీటిలో చాలావరకు జీవితాంతం ఉంటాయి. పద్ధతిగా చూసుకుంటే వీటితోనే కొట్టు నడుపుకుంటున్నవాళ్లు, ఉద్యోగం చేస్తున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు.

నేను కావలి నుంచి ఒంగోలు వరకు ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. హైవే మీద బైక్ ప్రమాదం, తాటిచెట్టు మీంచి పడటం, గ్రానైట్ క్వారీలో ప్రమాదం, కారణం ఏదైనా అడిగే ప్రశ్నలు మాత్రం ఇవే. "తల పగిలిపోతా ఉండాదన్నా, నొప్పి బిళ్ల వేసుకోమంటారా?" "స్పర్శే లేని కాళ్లు ఎట్టా మండతాయి?" "బిగుసుకోవడం ఎక్కువైంది, డోసు పెంచమంటారా?"

చాలాసార్లు వీటికి జవాబు మందులో ఉండదు. దెబ్బకు కింది భాగం "నాకు నొప్పిగా ఉంది" అని నేరుగా చెప్పలేదు. తలనొప్పిగా, చెమటగా, బిగువుగా, జ్వరంగా చెబుతుంది. అందుకే మందు పెంచేముందు కారణం వెతకాలి, అదీ ఒక వరుసలో: ముందు మూత్రం, తర్వాత మలం, ఆ తర్వాత చర్మం. కింద రాసినదంతా ఈ వరుస చుట్టూనే ఉంటుంది.

మందుల డోసులు ఇక్కడ రాయడం లేదు. అవి మనిషిని బట్టి మారతాయి, మీ డాక్టరే చెప్పాలి.

1. మొదలుపెట్టే ముందు: ఒక నోట్‌బుక్, ఒక సంచి

డిశ్చార్జి సమ్మరీ తీసి దెబ్బ ఏ స్థాయిలో తగిలిందో చూడండి. సీ అంటే మెడ, టీ అంటే ఛాతీ వెనక భాగం, ఎల్ అంటే నడుము. పక్కన ఏ నుంచి ఈ వరకు ఒక గ్రేడు ఉంటుంది. ఏ అంటే దెబ్బకు కింద స్పర్శ గానీ కదలిక గానీ పూర్తిగా లేవని అర్థం. కాగితాలు దొరకకపోతే స్పర్శ ఎక్కడ ఆగిందో చూసి ఒక అంచనాకు రావచ్చు. చనుమొనల వరుస దాదాపు టీ4, రొమ్ము ఎముక కింది కొస టీ6, బొడ్డు టీ10.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఇవి ఉండాలి:

- దెబ్బ స్థాయి, గ్రేడు, ఆపరేషన్ జరిగిన తేదీ, లోపల రాడ్లు, స్క్రూలు ఉన్నాయా
- మామూలు బీపీ. ఒక వారం పాటు పొద్దున, సాయంత్రం, పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు చూసి రాయండి
- వాడుతున్న మందులన్నీ, వేళలతో సహా
- మూత్రం పైపు (కాథెటర్) సైజు, చివరిసారి మార్చిన తేదీ
- ఏ మందు పడదు, ముఖ్యంగా లేటెక్స్ (రబ్బరు) అలర్జీ ఉందా

మామూలు బీపీ రాసి పెట్టుకోవడం ఎందుకో చెబుతాను. మెడ దగ్గర, ఛాతీ పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు పై బీపీ తరచు 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. అలాంటి మనిషికి 140 వస్తే అది ప్రమాదం. కొత్త డాక్టర్ ఆ అంకె చూసి "కాస్త ఎక్కువుంది, టెన్షన్ పడ్డట్టున్నారు" అని పంపేయవచ్చు. మీ నోట్‌బుక్ చూపిస్తే అలా పంపరు.

సంచిలో బీపీ మెషిన్, థర్మామీటర్, అదనపు పైపులు, లిగ్నోకెయిన్ జెల్ (రాసిన చోట మొద్దుబార్చేది), గ్లవ్స్, సిరంజి, చిన్న అద్దం పెట్టండి. బయటికి వెళ్లినప్పుడు ఈ సంచి కూడా వెంట రావాలి.

2. తలనొప్పి, చెమట, బీపీ: నిమిషాల్లో చేయాల్సిన పని

టీ6 దగ్గర గానీ దానికి పైన గానీ దెబ్బ తగిలినవాళ్ల ఇంట్లో అందరికీ ఇది కంఠతా రావాలి. డాక్టర్లు దీన్ని అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు.

జరిగేది ఇది. మూత్రాశయం నిండుతుంది. ఆ కబురు వెన్నుపాము గుండా మెదడుకు చేరాలి, కానీ దెబ్బ దగ్గరే ఆగిపోతుంది. కింది భాగం తనంతట తానే రక్తనాళాలను బిగించేస్తుంది. బీపీ ఎగబాకుతుంది. మెదడు పసిగట్టి తగ్గించమని ఆదేశం పంపినా అది దెబ్బ దాటి కిందికి పోదు. గుండెను నెమ్మదింపజేయడం, దెబ్బకు పైనున్న నాళాలను వదులు చేయడం వరకే దాని చేతిలో ఉంటుంది. అందుకే ముఖం ఎర్రబడి, ముక్కు దిబ్బడ వేసి, పైన చెమటలు కారుతుంటే కింద కాళ్లు చల్లగా, రోమాలు నిక్కబొడుచుకుని ఉంటాయి. తల దిమ్మెత్తిపోయేంత నొప్పి వస్తుంది. కారణం తీసేయకపోతే ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు.

పై బీపీ మామూలు కంటే 20 నుంచి 40 పెరిగిందంటే ఇదేనని అనుకోండి. వెంటనే ఈ వరుసలో చేయండి.

*ఒకటి: కూర్చోబెట్టండి.* నిటారుగా, కాళ్లు కిందికి వేలాడేలా. ఇలా చేస్తే రక్తం కాళ్లలోకి దిగి బీపీ కొంత తగ్గుతుంది. తల నొప్పి అంటున్నాడు కదా అని పడుకోబెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. 108లో ఎక్కించాక కూడా కూర్చోబెట్టే తీసుకెళ్లమని అడగండి.

*రెండు: బిగువైనవన్నీ వదులు చేయండి.* బెల్టు, పొట్ట పట్టీ, లుంగీ ముడి, లంగా బొందు, సాక్సులు, బూట్లు, కాలికి కట్టిన యూరిన్ బ్యాగు పట్టీ.

*మూడు: బీపీ చూడండి.* అప్పటి నుంచి ప్రతి రెండు మూడు నిమిషాలకోసారి చూస్తూ ఉండాలి. ఒకరు బీపీ చూస్తుంటే ఇంకొకరు తర్వాతి పని చేయాలి.

*నాలుగు: మూత్రం.* ఎక్కువసార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది. పైపు ఉంటే తొడ కింద నలిగిందా, మడత పడిందా, బ్యాగు నిండిపోయిందా చూడండి. అవన్నీ బాగుండి కూడా మూత్రం రాకపోతే పైపు మూసుకుపోయినట్టు. నర్సు దగ్గర నేర్చుకున్నవాళ్లు 10 నుంచి 15 మిల్లీలీటర్ల గోరువెచ్చని సెలైన్ మెల్లగా ఎక్కించి చూడవచ్చు. వెళ్లినది తిరిగి రాకపోతే ఇంకా ఎక్కించకూడదు, పైపు మార్చాలి. పైపు లేకుండా వేళకు మూత్రం తీసుకునేవాళ్లయితే వేళ కాకపోయినా వెంటనే తీయండి. పొత్తికడుపు నొక్కడం, తట్టడం చేయకండి, బీపీ ఇంకా పెరుగుతుంది.

*ఐదు: మలం.* మూత్రం వైపు ఏమీ దొరకకపోతేనే ఇది. గ్లవ్ వేసుకుని లిగ్నోకెయిన్ జెల్ గుదం లోపల రాసి, కనీసం రెండు నిమిషాలు ఆగి, మెత్తగా వేలితో చూడండి. గట్టి మలం ఉంటే నిదానంగా తీయండి. తీస్తుండగా బీపీ పెరిగితే ఆపేయండి.

*ఆరు: చర్మం.* పుండు, కాలిన బొబ్బ, లోపలికి పెరిగిన కాలి గోరు, కింద నలిగిన ఏదైనా వస్తువు. మగవాళ్లకు వృషణాలు తొడల మధ్య నలిగాయేమో చూడాలి. ఆడవాళ్లకు నెలసరి కూడా కారణం కావచ్చు. గర్భిణి అయితే పురుటినొప్పులు ఇలాగే బయటపడవచ్చు, అందుకే ప్రసవం సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

*ఏడు:* కారణం దొరకలేదా, లేక పై బీపీ 150 దాటే ఉందా? ఇలాంటప్పుడు వేయమని డాక్టర్ ముందే రాసిచ్చిన మందు ఉంటే అది వేసి 108కి ఫోన్ చేయండి. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి బిళ్ల గత 24 గంటల్లో గానీ, టడలాఫిల్ గత 48 గంటల్లో గానీ వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఇలాంటప్పుడు బీపీ దించడానికి ఇచ్చే నైట్రేట్ మందు దానితో కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది.

తగ్గిన తర్వాత కూడా రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. తిరిగి పెరగవచ్చు, లేదా మరీ పడిపోవచ్చు.

మీ దగ్గరి ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ ఇలాంటి మనిషిని ఇంతకుముందు చూసి ఉండకపోవచ్చు. వాళ్లను తప్పు పట్టనవసరం లేదు, ఇది రోజూ వచ్చే కేసు కాదు. మీరే ఒక కార్డు రాసి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, లామినేషన్ చేయించి జేబులో పెట్టండి:

> నాకు వెన్నుపాము దెబ్బ ఉంది, స్థాయి ఫలానా. నా మామూలు బీపీ ఫలానా. నాకు తలనొప్పి, చెమట, బీపీ పెరగడం ఉంటే అది అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా కావచ్చు. దయచేసి నన్ను పడుకోబెట్టకండి. మూత్రాశయం, మలం, చర్మం ఈ వరుసలో కారణం చూడండి. 150 దాటితే త్వరగా పనిచేసే బీపీ మందు ఇవ్వండి.

3. మూత్రం: వేళ, కొలత, శుభ్రత

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో కిడ్నీలు పాడవడానికి ముఖ్య కారణం మూత్రాశయంలో ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి తన్నడం. బయటికి ఏమీ తెలియదు. అందుకే "బాగానే పోతున్నాడు కదా" అన్న మాటతో సరిపెట్టుకోకూడదు.

చేతులు పనిచేసేవాళ్లకు, లేదా ఇంట్లో చేసిపెట్టే మనిషి ఉన్నవాళ్లకు, వేళకు పైపు వేసి తీసేసే పద్ధతి మంచిది. ఎప్పుడూ లోపల ఉండే పైపు కంటే దీంతో ఇన్ఫెక్షన్లు, రాళ్లు తక్కువ. చేసే తీరు:

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. అన్ని అడుగుల్లో ముఖ్యమైనది ఇదే.
2. మూత్రద్వారం నీళ్లతో శుభ్రం చేయండి. ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కి.
3. పైపుకు జెల్ రాసి మెల్లగా పంపండి. అడ్డు తగిలితే తోయకండి. ఆగి, ఊపిరి వదలమని చెప్పి మళ్లీ ప్రయత్నించండి.
4. మూత్రం రావడం మొదలయ్యాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపండి.
5. ధార ఆగాక నెమ్మదిగా వెనక్కి లాగండి. మధ్యలో మళ్లీ వస్తే ఆగండి.
6. కొలిచి నోట్‌బుక్‌లో రాయండి.

నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తీయాలి, ఒక్కోసారికి 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతోందంటే వేళలు దగ్గర చేయాలి. నీళ్లు తాగడం తగ్గించడం పరిష్కారం కాదు. రోజంతా సమంగా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గిస్తే రాత్రి లేవాల్సిన పని తగ్గుతుంది.

ఎప్పుడూ పైపు ఉండేవాళ్లకు: బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, మంచం మీద పెట్టకూడదు. పైపును మగవాళ్లకు పొత్తికడుపుకు, ఆడవాళ్లకు తొడకు ప్లాస్టర్‌తో అంటించాలి, లేకపోతే బరువుకు మూత్రద్వారం చీలిపోతుంది. డాక్టర్ చెప్పిన గడువుకు మార్చాలి, మామూలు పైపుకు అది సాధారణంగా మూడు నాలుగు వారాలు. మూసుకుపోయేదాకా ఆగకండి. ఏళ్ల తరబడి పైపు తప్పనివారు పొత్తికడుపు నుంచి వేసే పైపు గురించి యూరాలజిస్టును అడగండి.

నీళ్ల గురించి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. వెన్నుపాము దెబ్బ ఉన్నవాళ్లను రోజుకు రెండు లీటర్ల వరకు తాగమంటాం. ఆ నీళ్లే బోరు నీళ్లయితే ఏళ్ల మీద ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుంటుంది. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నెముకలో ఎముక పెరిగి వెన్నుపామునే నొక్కుతుంది. ఇప్పటికే దెబ్బతిన్న నరానికి ఇంకో దెబ్బ అన్నమాట. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. నీటి నమూనా పరీక్ష చేయించండి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఆర్‌ఓ నీళ్లు గానీ, నది నుంచి వచ్చే పథకం నీళ్లు గానీ వాడండి.

తరచూ జరిగే పొరపాట్లు:

- మూత్రం మబ్బుగా, వాసనగా ఉందని ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగడం. పైపు వాడేవాళ్లలో చాలామంది మూత్రంలో క్రిములు ఎలాగూ ఉంటాయి. జ్వరం, చలి, కొత్తగా బిగుసుకోవడం, మధ్యలో కారిపోవడం ఉంటేనే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. మందు మొదలుపెట్టేముందు మూత్రాన్ని కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు) ఇవ్వండి.
- పొట్ట నొక్కి మూత్రం పోయించడం. ఒత్తిడికి మూత్రం కిడ్నీల వైపు వెనక్కి పోతుంది.
- కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్ అని నిశ్చింతగా ఉండటం. కండ తగ్గిన శరీరంలో క్రియాటినిన్ ఎలాగూ తక్కువే వస్తుంది. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్ తప్పదు. మూత్రాశయంలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష ఒక్కసారి కూడా చేయించనివారు తప్పక చేయించండి. వెల్లూరు సీఎంసీలో వెన్నుపాము దెబ్బవాళ్ల కోసం పాతకాలం నుంచి పునరావాస విభాగం ఉంది. నెల్లూరు నుంచి కాట్పాడికి రైల్లో వెళ్లవచ్చు.

4. మలం: ఒకే వేళ

దెబ్బ వెన్నుపాము పైభాగంలో ఉంటే పేగు తన రిఫ్లెక్స్‌తో పనిచేస్తుంది, గుదం బిగుతుగా ఉంటుంది. నడుము కింది నరాల దగ్గర ఉంటే గుదం వదులుగా ఉండి మలం జారిపోతుంటుంది. మీది ఏ రకమో డాక్టర్ ఒక్క పరీక్షలో చెబుతారు. రెండింటికీ పద్ధతులు వేరు, ఒకరిది చూసి ఇంకొకరు చేస్తే ఫలితం రాదు.

*బిగుతు రకం.* రోజూ లేదా రోజు విడిచి రోజు, ఒకే వేళకు. టిఫినో భోజనమో అయిన 20, 30 నిమిషాలకు పేగు కదలిక సహజంగా పెరుగుతుంది, ఆ సమయాన్ని వాడుకోండి. బిసాకోడిల్ సపోజిటరీని (గుదంలో పెట్టే బిళ్లను) పేగు గోడకు తగిలేలా పెట్టండి, మలం మధ్యలో గుచ్చితే పనిచేయదు. పావుగంట తర్వాత జెల్ రాసిన వేలితో 15, 20 సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఐదు పది నిమిషాలకోసారి మళ్లీ చేయండి. కూర్చోగలిగితే మెత్త ఉన్న కమోడ్ కుర్చీ, లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం.

*వదులు రకం.* సపోజిటరీతో పెద్ద లాభం ఉండదు. రోజుకు ఒకటి రెండుసార్లు వేలితో తీసేయాలి. మలం మరీ మెత్తగా కాకుండా కాస్త గట్టిగా ఉండటమే వీళ్లకు మంచిది.

కొత్త పద్ధతి మొదలుపెట్టాక కొన్ని వారాలైనా మార్చకుండా చూడండి. రెండు రోజులు చూసి మార్చేస్తే ఏది పనిచేస్తోందో తెలియదు. రాగి సంకటి, ఆకుకూర, జామ, బొప్పాయి రోజూ కొద్దికొద్దిగా పెంచండి.

చాలా రోజులు మలబద్ధకం ఉండి ఉన్నట్టుండి నీళ్ల విరేచనాలు అయితే విరేచనాలు ఆపే బిళ్ల వేయకండి. గట్టిపడ్డ మలం పక్కనుంచి నీళ్లు కారుతూ ఉండవచ్చు. ముందు లోపల గట్టిగా ఉందేమో చూడాలి.

5. చర్మం

పడకపుండు పుట్టడానికి కొద్ది గంటలు చాలు, మానడానికి నెలలు పడుతుంది. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చండి. వీల్‌చైర్‌లో ప్రతి అరగంటకూ ముందుకు గానీ పక్కకు గానీ వంగి రెండు నిమిషాలు బరువు తీయండి. పొద్దున, రాత్రి అద్దం పెట్టి పిర్రలు, నడుము కింద ఎముక, మడమలు, చీలమండలు చూడండి. ఎర్రబడిన చోట బరువు తీసేసిన అరగంటకూ రంగు మామూలు కాకపోతే, ఆ చోట మళ్లీ బరువు పడనివ్వకూడదు. మన చర్మం రంగు మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి చేత్తో తాకి వేడిగా, గట్టిగా ఉందా కూడా చూడాలి.

ఎర్రబడిన చోట మాలిష్ చేయకండి, లోపలి కణజాలం ఇంకా నలుగుతుంది. గాలి నింపిన రింగు మీద కూర్చోబెట్టకండి, అంచు వెంట రక్తప్రసరణ ఆగుతుంది. నులక మంచం మీద నేరుగా పడుకోబెట్టకండి.

6. కాళ్లు బిగుసుకోవడం

బిగువు పూర్తిగా చెడ్డది కాదు. మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు కొందరికి అదే ఆసరా. దాన్ని సున్నా చేయాలని చూడకండి. నిద్ర చెడగొట్టేంత, కుర్చీలోంచి జారిపోయేంత, శుభ్రం చేయడానికి తొడలు విడదీయలేనంత ఉంటేనే తగ్గించాలి.

రోజువారీ వరుస: చీలమండ, మోకాలి వెనక, తొడ లోపలివైపు, తుంటి ముందువైపు. ఒక్కోటి అరనిమిషం నుంచి నిమిషం వరకు నిదానంగా సాగదీసి పట్టుకోండి. విదిలించినట్టు లాగితే బిగువు ఎక్కువవుతుంది. రోజుకు కొంతసేపు బోర్లా పడుకోగలిగితే తుంటికి చాలా మంచిది. బలం ఉపయోగించవద్దు. ఏళ్లుగా బరువు మోయని ఎముకలు గుల్లబారి ఉంటాయి, కాలు తిప్పుతుంటేనే విరిగిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఊళ్లో ఎవరో వచ్చి బలంగా నూనె మాలిష్ చేసి కాళ్లు మడిచి వంచుతామంటే నేను ఒప్పుకోను.

ఉన్నట్టుండి బిగువు పెరిగితే మళ్లీ అదే వరుస: మూత్రం, మలం, చర్మం. వాటిలో ఏమీ లేకపోతేనే మందు మాట.

బిగువు తగ్గించే బాక్లోఫెన్ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు. తీవ్రమైన బిగువు, అధిక జ్వరం, లేనివి కనబడటం, ఫిట్స్ రావచ్చు. స్ట్రిప్‌లో వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్తది తెప్పించండి.

7. స్పర్శ లేని చోట మంట

ఈ నొప్పి నిజమైనదే. కింది నుంచి కబుర్లు అందని నరాలు, మెదడు వాటంతటవే తప్పుడు సంకేతాలు పుట్టిస్తాయి. కారం పూసినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు, గట్టిగా తాడు బిగించినట్టు ఉంటుంది. "ఊరికే అంటున్నాడు" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. ఆ మాటతో వాళ్లు చెప్పడమే మానేస్తారు.

రెండు వారాలు నొప్పి డైరీ రాయండి: ఏ వేళ, ఎక్కడ, పదిలో ఎంత, అంతకుముందు ఏం జరిగింది. మలబద్ధకం, నిద్రలేమి, ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో నొప్పి ఎక్కువని చాలామందికి డైరీలోనే తెలుస్తుంది. డాక్టర్‌కు కూడా ఇదే ఉపయోగపడుతుంది.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. వాటిలో కొన్ని కిడ్నీలకు మాత్రం చేటు చేస్తాయి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ లాంటివి డాక్టర్లు రాస్తారు. చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుతారు, ప్రభావం తెలియడానికి వారాలు పడుతుంది. మొదట్లో మత్తు, తల తిరగడం ఉంటుంది, అమిట్రిప్టిలిన్‌తో మలబద్ధకం కూడా. వీటినీ ఉన్నట్టుండి ఆపకూడదు. నొప్పి పూర్తిగా పోతుందని ఆశ పెట్టను. పదిలో ఎనిమిది ఐదుకు దిగి నిద్ర పట్టడమే మంచి ఫలితం.

కాపడం మాత్రం వద్దు. ఉప్పు మూట, వేడి ఇటుక, వేడినీళ్ల సంచి, ఏదైనా సరే. స్పర్శ లేని చర్మం కాలిపోతున్నా మనిషికి తెలియదు. స్నానం నీళ్లు కూడా స్పర్శ ఉన్నవాళ్లు మోచేతితో చూసి పోయాలి.

8. కూర్చోగానే కళ్లు తిరగడం, రోహిణి కార్తె ఎండ

పైస్థాయి దెబ్బవాళ్లకు పడుకుని లేచి కూర్చుంటే బీపీ పడిపోతుంది. తల కింద ఎత్తు దశలవారీగా పెంచండి, ఒక్కో ఎత్తులో కొన్ని నిమిషాలు ఉంచండి. కూర్చోబెట్టేముందే పొట్ట పట్టీ, సాగే సాక్సులు వేయండి. కుర్చీలో కళ్లు తిరిగితే కుర్చీని వెనక్కి వంచి కాళ్లు పైకెత్తండి. ఇక్కడ చేసేది రెండో అంశంలో చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం, కాబట్టి ఏదైనా చేసేముందు బీపీ చూసుకోండి.

వీళ్లకు దెబ్బకు కింద చెమట సరిగా పట్టదు. ఒంగోలు, కందుకూరు ఎండల్లో శరీరం తనంతట తాను చల్లబడలేదు, జ్వరం లేకుండానే ఒళ్లు కాలుతుంది. మే నెలలో పదకొండు నుంచి నాలుగు వరకు బయటికి తీసుకెళ్లకండి. కరెంటు పోతే తడి గుడ్డ మెడ మీద, చంకల్లో పెట్టి, నీళ్లు స్ప్రే చేసి విసనకర్రతో విసరండి. ఎండలో నిలిపిన ఆటో సీటు, వీల్‌చైర్ ఇనుప భాగాలు తొడలను కాల్చేస్తాయి. ఎక్కించేముందు చేత్తో తాకి చూడండి.

9. ఏళ్ల తర్వాత ఉన్న శక్తి తగ్గితే

దెబ్బ తగిలిన కొన్ని నెలలకు గానీ, ఎన్నో ఏళ్లకు గానీ వెన్నుపాము లోపల నీటి తిత్తి పెరగవచ్చు. దీన్ని సిరింగోమైలియా అంటారు. "ఇక చెడటానికి ఏముంది" అనుకుని వదిలేస్తారు, ఉన్న చేతులు కూడా పోయే ప్రమాదం ఉంది. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి:

- స్పర్శ ఆగే గీత పైకి జరగడం
- చేతుల్లో కొత్తగా బలహీనత, పట్టు తగ్గడం
- దగ్గినా, తుమ్మినా, ముక్కినా పెరిగే కొత్త నొప్పి
- వేడి, చల్లన తెలియకపోవడం కొత్త చోట మొదలవడం
- బిగువు, చెమట, మూత్రం తీరు కారణం లేకుండా మారడం

ఎమ్మారై తీయించాలి. లోపల రాడ్లు ఉన్నాయని ముందే చెప్పండి. స్పర్శ గీతను మూడు నెలలకోసారి పెన్నుతో గుర్తుపెట్టి ఫోటో తీసుకుంటే మార్పు తేలిగ్గా పట్టుకోవచ్చు.

ఒక కాలు మాత్రమే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఎముక విరిగి ఉండవచ్చు. ఆ కాలిని సాగదీయకండి, నూనె రాయకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఊపిరి అందకపోతే వెంటనే 108.

10. మనసు, కాగితాలు

నిద్ర పట్టకపోవడం, తినకపోవడం, "నేనెందుకు బతకాలి" అనడం బలహీనత కాదు, చికిత్స ఉన్న జబ్బు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబర్ 14416కు తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనవసరం లేదు. చూసుకునే తల్లి, భార్య, తమ్ముడు కూడా చేయవచ్చు. వాళ్లకు వారంలో ఒక పూట పూర్తి విశ్రాంతి దొరికేలా ఇంట్లో వంతులు వేసుకోండి.

సదరం (వైకల్య సర్టిఫికెట్) స్లాట్ గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ తీసుకోండి, యూడీఐడీ కార్డుకూ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయండి. ఎన్టీఆర్ భరోసాలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. సర్టిఫికెట్‌లో స్థితి సరిగా రాసి ఉందా చదివి చూసుకోండి. వీల్‌చైర్, ఇతర ఉపకరణాల కోసం నెల్లూరులోని కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల కేంద్రం సీఆర్‌సీని అడగవచ్చు.

11. తుఫాను రోజులకు ముందే

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. అలాంటి రోజుల్లో బాక్లోఫెన్ కోసం నెల్లూరు వెళ్లలేరు. అక్టోబర్ మొదటి వారంలోనే ఇవి సర్దండి:

- అన్ని మందులూ ఒక నెలకు సరిపడా, నీళ్లు చేరని డబ్బాలో
- పైపులు, బ్యాగులు, జెల్, గ్లవ్స్, సపోజిటరీలు ఒక నెలకు
- గాలి పరుపు కరెంటుతో నడిచేదైతే, కరెంటు లేనప్పుడు వేయడానికి మందపాటి ఫోమ్ పరుపు
- బీపీ మెషిన్‌కు అదనపు బ్యాటరీలు
- నోట్‌బుక్ మొదటి పేజీ, కార్డు, సదరం సర్టిఫికెట్ ఫోటోలు ఇద్దరి ఫోన్లలో
- నీళ్లు వస్తే మంచంతో సహా మోయగల నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు. వాళ్లకు ముందే చెప్పి, మెడ, నడుము మెలిక పడకుండా ఎత్తడం ఒకసారి చేయించి చూపించండి